ఆ రుచే వేరు!

తిరుపతిలో బస్సు దిగితే నన్నారి షర్బత్. మంగళగిరి కొండెక్కితే పానకం. రాజమండ్రిలో రోజ్‌మిల్క్, రామచంద్రపురంలో ఆర్టోస్, చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్, అరకు లోయలో కాఫీ... కళ్లకు గంతలు కట్టి గ్లాసు చేతికిచ్చినా ఒక్క గుక్కతో ఏ ఊళ్లో ఉన్నామో చెప్పేయొచ్చు. మరి ఇప్పుడో? హైవే మీద ఏ దాబా ముందు కారాపినా అదే గాజు తలుపుల ఫ్రిజ్, అవే సీసాలు, అవే రంగులు. దాహం తీరుతోంది కానీ ఊరి రుచి తెలియడం లేదు. అలాగని పాత రుచులన్నీ పోయాయనుకుంటే పొరపాటే. కొన్ని మాయమయ్యాయి, కొన్ని మొండిగా నిలబడ్డాయి, మరికొన్ని కొత్త వేషం కట్టి తిరిగొస్తున్నాయి. శేషాచలం అడవి నుంచి అరకు కొండల దాకా ఆ రుచుల వెంట ఒక్కసారి నడిచొద్దాం.

శేషాచలం వేరు

రాయలసీమ ఎండ సంగతి చెప్పాలా! మాఘం వెళ్తూనే మాడు పగలడం మొదలవుతుంది. ఆ ఎండకు అక్కడివాళ్లు కనిపెట్టుకున్న విరుగుడు నన్నారి. కడప, తిరుపతి, చిత్తూరు, అనంతపురం... ఏ ఊరి కూడలికి వెళ్లినా వేసవిలో తోపుడుబండి మీద నల్లటి సిరప్ సీసాలు, నిమ్మకాయల గుట్ట, నీళ్లలో నానబెట్టిన సబ్జా గింజలు కనిపిస్తాయి. గ్లాసులో రెండు చెంచాల సిరప్ పోసి, సగం నిమ్మచెక్క పిండి, సబ్జా గింజలు వేసి, పైనుంచి చల్లటి నీళ్లో సోడానో ఒలికించి ఇస్తే... మొదట వచ్చేది రుచి కాదు, వాసన. వాన పడిన మట్టిలా, పాత చెక్కపెట్టె తెరిచినట్లు, కాస్త వెనిలా ఐస్‌క్రీమ్‌లా కూడా ఉంటుంది.

వెనిలా గుర్తుకురావడంలో ఓ రహస్యం ఉంది. నన్నారి వేరుకు ఆ పరిమళాన్నిచ్చే పదార్థమూ, వెనిలాకు సువాసననిచ్చే వెనిలిన్ అనే పదార్థమూ రసాయనికంగా అన్నదమ్ముల్లాంటివి. రెండింటిలోనూ ఉండే పరమాణువులు అవే, అంతే. అమరిక మాత్రమే తేడా. ఖరీదైన ఐస్‌క్రీమ్ పార్లర్లో దొరికే వాసనకు దగ్గరి చుట్టం సీమ తోపుడుబండి మీద ఉందన్నమాట!

ఈ వేరు రెండు రకాలు. ఒకటి సుగంధిపాల. పొలం గట్ల మీద, పొదల్లో అల్లుకునే సన్నటి తీగ. తుంచితే పాలు కారతాయి. ఆయుర్వేదంలో శారిబ, అనంతమూల అని పిలిచేది దీన్నే. దీని వేళ్లు సన్నగా తాళ్లలా ఉంటాయి. రెండోది తూర్పు కనుమల్లో రాళ్ల సందుల్లో పెరిగే తీగ. దాని వేళ్లు లావుగా, చేతివేళ్లంత మొదలుకొని కర్రపెండలం అంత దాకా ఊరతాయి. వీటినే చాలాచోట్ల నన్నారి కొమ్ములు అంటారు. తవ్విన వేళ్లను కడిగి, దంచి, నడిమి పుల్లను తీసేసి, పై బెరడును నానబెట్టి మరిగించి, వడకట్టి, ఆ కషాయాన్ని పంచదార పాకంలో కలిపితే సిరప్ సిద్ధం. ఆ వేళ్లను అడవి నుంచి తెచ్చేది చాలావరకు గిరిజనులే. ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన సహకార సంస్థ తేనెతో పాటు నన్నారి షర్బత్‌నూ సొంతంగా అమ్ముతోంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, కాయ కోస్తే మళ్లీ కాస్తుంది. వేరు తవ్వితే? మొక్కే పోతుంది! పైగా లావు వేళ్ల తీగ చాలా నిదానంగా పెరుగుతుంది. షర్బత్‌కు, పచ్చళ్లకు, మందులకు ఏళ్ల తరబడి తవ్వుకుంటూ పోవడంతో అది అంతరించే ముప్పున్న మొక్కల జాబితాలో చేరింది. శేషాచలం కొండల్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. అయినా అడవికి గీత గీస్తే సరిపోదుగా, గ్లాసు పట్టుకున్నవాళ్లకూ తెలియాలి. వేరంతా పెకలించకుండా కొంత భాగాన్ని నేలలో వదిలేయడం, నర్సరీల్లో మొక్కలు పెంచి పొలాల గట్ల మీద నాటడం... ఈ రెండూ జరిగితేనే ఆ తీగ బతుకుతుంది. లేదంటే మిగిలేది ఎసెన్సు చుక్కలూ రంగూ కలిపిన పంచదార నీళ్లే. ఇప్పటికే చౌకగా అమ్మే చాలా సీసాల్లో ఉన్నది అదే!

సగం దేవుడికి... సగం భక్తుడికి

సీమ దాటి కృష్ణా తీరానికి వస్తే రుచి బెల్లానిది. మంగళగిరి కొండ మీది నరసింహస్వామి పేరే పానకాల స్వామి. శంఖంతో పానకాన్ని స్వామి నోట్లో పోస్తారు అర్చకులు. గుటకలు వేస్తున్నట్లు శబ్దం వినిపిస్తుందనీ, బిందెడు పోసినా చెంబెడు పోసినా సగమే తాగి మిగతా సగం భక్తుడికి ప్రసాదంగా వదిలేస్తాడనీ ప్రతీతి. అంత బెల్లం నీళ్లు ఒలికే చోట ఒక్క చీమ కూడా కనిపించదని చెప్పుకోవడం మరో విశేషం. కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమనీ, ఆ గంధకాన్ని చల్లార్చడానికే పానకం పోసే ఆచారం పుట్టిందనీ ఓ కథ కూడా ఉంది. కథల మాటెలా ఉన్నా దేవుడి వాటా, మనిషి వాటా సమానంగా పంచిన పానీయం ఇంకోటి లేదేమో!

శ్రీరామనవమి పందిళ్లలో పంచేదీ ఇదే. బెల్లం, మిరియాలు, యాలకులు, కొందరిళ్లల్లో శొంఠి. చైత్రంలో ఎండలు ముదిరే వేళ ఒంట్లో నీరూ శక్తీ పడిపోకుండా చూసే ఏర్పాటు. పందిరి పక్కనే చలివేంద్రం. వట్టివేళ్లు వేసిన కుండలు, వాటి చుట్టూ తడిగుడ్డ, ఇసుక దిబ్బ. కుండ గోడలోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. కరెంటు లేని ఫ్రిజ్ అది. మరో కుండలో నీళ్ల మజ్జిగ. దంచిన అల్లం, కరివేపాకు, ఉప్పు, నిమ్మరసం. దారినపోయేవాడి కులమేంటి, ఊరేంటి అని అడగకుండా పోసే దాహం కాబట్టి చలివేంద్రం పెట్టడాన్ని పుణ్యంగా భావించేవారు. అమ్ముకునే సరుకు కాదు కాబట్టి దానికి ప్రకటనల్లేవు. ఆ తర్వాతి కాలంలో వచ్చిన ప్రతి డ్రింకుకూ ప్రకటనే ప్రాణం.

గోళీ వెనక ఓ దొర

దాహాన్ని మొదటిసారి సీసాలో బంధించి తెలుగు ఊళ్లకు తెచ్చింది సోడా. నీళ్లలో గ్యాస్ నింపొచ్చని 1767లో కనిపెట్టినవాడు జోసెఫ్ ప్రీస్ట్‌లీ. ఇంగ్లండులోని లీడ్స్‌లో ఓ బీరు బట్టీ పక్కన ఉండేవాడాయన. పులుస్తున్న తొట్టి మీద తేలే గాలిని నీళ్లలోకి పట్టి చూశాడు. బుడగలొచ్చాయి, రుచీ బాగుంది! అయితే ఆ బుడగల్ని సీసాలో ఆపడమే కష్టమైంది. బిరడా పెడితే ఎండి ఊడిపోయేది. ఆ తలనొప్పికి 1872లో మందు కనిపెట్టాడు హైరమ్ కాడ్ అనే ఇంగ్లిషు ఇంజినీరు. సీసా మెడలో ఓ గాజు గోళీ, మూతి లోపల ఓ రబ్బరు రింగు. సీసాను తలకిందులుగా పట్టి సోడా నింపితే గోళీ జారి మూతి దగ్గరికొస్తుంది. లోపలి గ్యాస్ దాన్ని రబ్బరుకు అదిమిపెడుతుంది. అంతే, సీలు పడినట్టే. లోపలున్న గ్యాసే తనకు తాను తాళం వేసుకుంటుందన్నమాట.

1892లో అమెరికాలో రేకు మూత పుట్టింది. దాంతో కాడ్ సీసా పుట్టినింట్లోనే కనుమరుగైంది. కానీ మనదేశంలో వందేళ్లకు పైగా చక్రం తిప్పింది. నిజంగానే చక్రం! మూడు నాలుగు సీసాలు బిగించే ఇనప పంజరం, పక్కన పిడి, గ్యాస్ సిలిండర్. ఇంతే ఫ్యాక్టరీ. గదిలో ఓ మూల చాలు. ఒకే మనిషి సోడా కొట్టి, సైకిలుకు కట్టుకుని, ఊరంతా అమ్మి, ఖాళీ సీసాలు తెచ్చుకునేవాడు. సీసా పారేసే మాటే లేదు. బొటనవేలితో గోళీని నొక్కితే కీచుమని వినిపించే చప్పుడుకు పిల్లలు పరుగెత్తుకొచ్చేవారు. పెళ్లి భోజనం బరువైతే సోడా, తలనొప్పికి నిమ్మ సోడా, అరగకపోతే ఉప్పు సోడా. చుట్టాలొస్తే మాత్రం రంగు సోడా. దానికి ఊళ్లలో ‘కలర్’ అనే పేరు. ‘కలర్ తాగుతారా?’ అని అడగడమే ఓ మర్యాద. ఆ గ్లాసులో ఆరెంజ్ ఉందా ద్రాక్ష ఉందా అన్నది తర్వాతి సంగతి, ముందు రంగు ముఖ్యం!

భాషలోకీ చొరబడింది ఆ సీసా. మందపాటి కళ్లద్దాలు పెట్టుకుంటే సోడాబుడ్డి కళ్లద్దాలు. వీధి గొడవల్లో ఎగిరేవీ సోడాబుడ్లే. లోపలి గోళీ కోసం సీసా పగలగొట్టని కుర్రాడు ఉండేవాడు కాదు. ప్లాస్టిక్ సీసాలొచ్చాక ఆ చప్పుడు తగ్గింది. సైకిలు సోడా మనిషి వేరే పని వెతుక్కున్నాడు. ఇప్పుడు అదే గోళీ సీసా కొత్త లేబుల్, బ్లూబెర్రీ ఫ్లేవర్‌తో సూపర్ మార్కెట్లో మెరుస్తోంది. 2025లో భారతీయ గోళీ సోడా అమెరికా, బ్రిటన్, గల్ఫ్ దేశాలకు ఎగుమతవుతోందని కేంద్ర వాణిజ్య శాఖ గొప్పగా ప్రకటించింది. బ్రిటన్‌లో పుట్టిన సీసా మనదేశపు జ్ఞాపకంగా మళ్లీ బ్రిటన్‌కే వెళ్లడం చిత్రమే కదూ!

గోదావరి పంతం

రాజమండ్రి నుంచి ద్రాక్షారామం దారిపడితే రెండు వైపులా వరిచేలు, కొబ్బరి తోపులు, కాలవ గట్లు. పేరులో ద్రాక్ష ఉన్న ఆ క్షేత్రానికి కొద్ది దూరంలోనే రామచంద్రపురం. అక్కడ 1919లో అద్దూరి రామచంద్రరాజు మొదలుపెట్టిన సోడా వ్యాపారమే నేటి ఆర్టోస్. వందేళ్లు దాటింది. రెండో ప్రపంచ యుద్ధం, స్వాతంత్ర్యం, విదేశీ కంపెనీల రాకపోకలు అన్నీ చూసింది. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగి ఎక్కడెక్కడో స్థిరపడినవాళ్లు సెలవులకు ఊరొస్తే తాగాలనుకునే వాటిలో అదొకటి. పెద్ద కంపెనీల డ్రింకు ఎక్కడైనా దొరుకుతుంది, ఇది మాత్రం ఇక్కడే అన్న మమకారం. ఊరిపేరుతో ముడిపడిన రుచికి ఉండే బలం అదే, పరిమితీ అదే.

ఎందుకంటే చిన్న కంపెనీ పోరాటం సీసాతోనే అయిపోదు. దుకాణానికి ఉచితంగా ఫ్రిజ్ ఇచ్చి, అందులో తమ సరుకే పెట్టమనే పెద్ద కంపెనీల ముందు నిలబడాలి. పన్ను కూడా ఇద్దరికీ ఒకటే. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు గ్యాస్ కలిపిన తీపి డ్రింకుల మీద 28 శాతం పన్ను, దానిమీద 12 శాతం సెస్సు వేశారు. 2025 సెప్టెంబరు నుంచి రెండూ కలిసి నేరుగా 40 శాతమైంది. కోట్ల సీసాలు అమ్మేవాళ్లకు, నాలుగు జిల్లాల్లో అమ్ముకునేవాళ్లకు లెక్క మాత్రం ఒక్కటే. అలాంటిచోట నూరేళ్లు నిలవడమంటే మాటలు కాదు.

వెనక్కి రాజమండ్రికి వస్తే రోజ్‌మిల్క్. ఊరి పేరు తగిలించకుండా దాని పేరే పలకరు ఎవరూ. కాచి చల్లార్చిన చిక్కటి పాలు, గులాబీ సిరప్, దానికి తోడు కోవా. తాగేదా తినేదా అని సందేహం వచ్చేంత చిక్కదనం. పుష్కరాలకు వచ్చిన జనం గోదారి స్నానం తర్వాత వెతికేది దాన్నే. గులాబీ రంగు నురగ మూతికి అంటుకున్న పిల్లల్ని చూస్తే ఏ ఫ్యాషనూ దీన్ని కదపలేదనిపిస్తుంది.

పోయి... మళ్లీ వచ్చి...

అసలు పెద్ద సీసాల కథేమిటి? కోకకోలా మనదేశానికి 1950లో వచ్చింది. 1977లో వెళ్లిపోయింది. విదేశీ కంపెనీలు తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలన్న చట్టానికి ఒప్పుకోలేదది. అప్పటి పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ పట్టు విడవలేదు. ఖాళీ అయిన చోటును నింపడానికి ప్రభుత్వమే ‘77’ పేరుతో ఓ కోలాను తెచ్చింది. అది నిలదొక్కుకోలేదు. గెలిచింది మాత్రం పార్లే కంపెనీ తెచ్చిన థమ్సప్. ఘాటుగా, గొంతులో గుచ్చుకునేలా ఉండే ఆ రుచి తెలుగువారికి తెగ నచ్చేసింది. ఆవకాయ తినే నాలుకకు చప్పటి కోలా ఏం ఆనుతుంది! గోల్డ్‌స్పాట్, లిమ్కా, మాజా... ఎనభైల్లో పెరిగిన పిల్లలకు వేసవి సెలవులంటే ఇవే.

పెప్సీ 1990లో, కోకకోలా 1993లో మార్కెట్లోకొచ్చాయి. వస్తూనే కోకకోలా చేసిన మొదటి పని థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్, మాజాల్ని కొనేయడం. కొన్నాళ్లకు గోల్డ్‌స్పాట్ మాయమైంది. దాని చోట ఫాంటా నిలబడింది. థమ్సప్‌నూ పక్కన పెట్టేస్తారన్న అనుమానాలొచ్చినా అభిమానుల ముందు అదేమీ సాగలేదు. చిరంజీవి, మహేష్‌బాబు లాంటి హీరోలు దాని ప్రకటనల్లో కనిపించారు. 2021లో ఆ ఒక్క బ్రాండు అమ్మకాలే వంద కోట్ల డాలర్లు దాటాయి. అటు 2003లో కూల్‌డ్రింకుల్లో పురుగుమందుల అవశేషాలున్నాయన్న ఓ నివేదిక దేశాన్ని కుదిపేసింది. చాలా ఇళ్లల్లో సీసాల్ని పక్కనబెట్టి మజ్జిగ కవ్వాన్ని మళ్లీ బయటికి తీశారు. భయం కొన్నాళ్లకు చల్లారింది కానీ ‘ఇందులో ఏముంది?’ అన్న ప్రశ్న మాత్రం అక్కడి నుంచే ఇంటింటికీ చేరింది. 1977 తర్వాత ఓ వెలుగు వెలిగి ఆరిపోయిన క్యాంపాకోలాను కూడా రిలయన్స్ కొని 2023లో మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. చూశారుగా, రుచులకూ పునర్జన్మ ఉంటుంది.

చాయ్ పోయె... లాటే వచ్చె?

హైదరాబాద్ దాహం వేరు. అక్కడ ఎండలోనూ వేడి చాయే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇరాన్ నుంచి బొంబాయి, పుణెల మీదుగా వచ్చినవాళ్లు కూడళ్లలో కేఫ్‌లు తెరిచారు. పాలరాతి బల్లలు, చెక్క కుర్చీలు, పింగాణీ కప్పు సాసర్లు. ఇరానీ చాయ్‌లో టీపొడిని, పాలను కలిపి మరిగించరు. మూత బిగించిన రాగి పాత్రలో డికాక్షన్ గంటల తరబడి దమ్ మీద ఉంటుంది. పక్కన పాలు మరిగి మరిగి చిక్కబడతాయి. తాగేవాడు అడిగినప్పుడే రెండూ కప్పులో కలుస్తాయి. తోడుగా తీపీ ఉప్పూ కలిసిన ఉస్మానియా బిస్కెట్. రిక్షావాలా, కవి, గుమస్తా, విద్యార్థి నాయకుడు ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటది. ఒక చాయ్‌తో రెండు గంటలు గడిపినా ఎవరూ లెమ్మనేవారు కాదు.

ఆ కూడలి స్థలాల ధర ఆకాశానికంటాక ‘లెమ్మనడం’ మొదలైంది. చాలా పాత కేఫ్‌లు బట్టల దుకాణాలుగానో, మందుల షాపులుగానో మారిపోయాయి. మరోవైపు చార్మినార్ పక్కన నిమ్రా దగ్గర తెల్లవారకముందే జనం. 1978 నాటి నీలోఫర్ కేఫ్ హైటెక్ సిటీ వైపు అద్దాల మేడల్లోకి విస్తరించింది. ఇంకోవైపు ఐటీ కుర్రకారు చేతుల్లో లాటేలు, కోల్డ్ బ్రూలు, తైవాన్ నుంచి వచ్చిన బబుల్ టీలు. కప్పు చిన్నదయ్యేకొద్దీ ధర పెద్దదవుతోంది.

అదే నగరంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023లో తెలంగాణ ప్రభుత్వం నీరా కేఫ్‌ను తెరిచింది. నీరా అంటే పులియని తాటి, ఈత చెట్ల రసం. సాయంత్రం కొత్త కుండ కట్టి, పొద్దు పొడవకముందే దించాలి. ఎండ తగిలిందా, పులిసి కల్లవుతుంది! తీసిన వెంటనే చల్లబరిస్తేనే తీపి నిలుస్తుంది. ఆ గ్లాసు వెనక ఓ మనిషి మోకు కట్టుకుని యాభై, అరవై అడుగులు ఎక్కి దిగుతాడు. జారితే ప్రాణమే పోతుంది. అందుకే 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. నీరా ఫ్యాషనైతే చాలదు. అది ఎక్కేవాడి నడుముకు బెల్టు, చేతికి గిట్టుబాటు కూడా కావాలి.

అరకు నుంచి పారిస్‌కు

తూర్పు కొండల్లో ఇంకో వింత. అరకు, పాడేరు ప్రాంతాల గిరిజనుల సొంత పానీయాలు రాగి అంబలి, జీలుగు కల్లు. వాళ్లు పండించే పంట కాఫీ. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. పండిన ఎర్రటి పండ్లను మాత్రమే చేత్తో ఏరతారు. ఎన్నో ఏళ్లు ఊరూ పేరూ లేకుండా వ్యాపారుల బస్తాల్లో కలిసిపోయిన ఆ గింజకు 2017లో పారిస్‌లో సొంత దుకాణం వెలిసింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలోనూ అరకు కాఫీ స్టాళ్లు పెట్టారు. ఇత్తడి ఫిల్టర్లో చికోరీ కలిపిన పొడి వేసుకుని తాగిన తెలుగు ఇళ్లకు, తమ కొండల్లోనే ఇంత కాఫీ ఉందని తెలిసింది ఆ తర్వాతే.

అక్కడా ఆందోళన లేకపోలేదు. 2025లో ఆ తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించింది. గింజలోనే గూడు కట్టుకునే ఆ పురుగు సోకితే పంట మొత్తానికి ముప్పు. సోకిన కాయల్ని ఏరి, వేడినీళ్లలో ముంచి నాశనం చేయడమే మార్గం. పారిస్ కప్పు ఖరీదు ఎంతైనా, అది నిలబడాల్సింది ఓ గిరిజన రైతు రెండెకరాల మీదే.

పేరు చూసి మోసపోవద్దు!

రంగు, రుచి మారితే ఫర్వాలేదు. అర్థమే మారిపోతే? హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ల పాటు చేసిన పోరాటం దాని గురించే. విరేచనాలతో నీరసించిన పిల్లలకు ఓఆర్ఎస్ పట్టించమంటారు డాక్టర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. అది కొలిచి చేసిన మందు. అయితే అదే పేరు తగిలించుకుని మందుల షాపుల్లో తీపి పండ్ల డ్రింకులు కూడా అమ్ముడుపోయాయి. వాటిలో చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువ. విరేచనాల్లో అంత చక్కెర పేగుల్లోకి వెళ్తే నీటిని ఇంకా లాగేసి పరిస్థితిని విషమం చేస్తుంది. చివరికి 2025 అక్టోబరులో, ఆ సూత్రం ప్రకారం లేని ఏ డ్రింకు మీదా ‘ఓఆర్ఎస్’ అన్న మాట వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. ఒక తల్లి అడిగి కొనే సీసాలో ఏముందో ఆ తల్లికి తెలియాలి. అంత చిన్న విషయానికి ఎనిమిదేళ్లు పట్టింది!

లెక్క మామూలు కూల్‌డ్రింకులకూ వర్తిస్తుంది. చాలావాటిలో వంద మిల్లీలీటర్లకు సుమారు పది గ్రాముల చక్కెర. అంటే ఓ చిన్న సీసాలో ఆరేడు చెంచాలు. నన్నారికైనా రోజ్‌మిల్క్‌కైనా ఇందులో మినహాయింపు లేదు. పాతదైనంత మాత్రాన పంచదార బెల్లమైపోదు, బెల్లం అమృతమూ అయిపోదు. తేడా ఎక్కడంటే... పానకం నవమికి, ‘కలర్’ చుట్టాలొచ్చినప్పుడు, రోజ్‌మిల్క్ రాజమండ్రి వెళ్లినప్పుడు. ఆ తీపికి ఓ రోజుండేది. ఇప్పుడు ప్రతిరోజూ పండగే, ఫ్రిజ్ తెరిస్తే చాలు.

తిరిగొచ్చిన అంబలి

పొద్దున్నే ఏ పట్నంలోనైనా పార్కు గేటు ముందు చూడండి. నడిచి నడిచి చెమటలు పట్టిన పెద్దమనుషులు స్టీలు గ్లాసులు పట్టుకుని వరుసలో ఉంటారు. తాగేది రాగి జావ, జొన్న అంబలి. ఓ తరం కిందట పొలానికెళ్లే కూలీ కుండలో ఉండి, పట్నానికొచ్చాక చెప్పుకోవడానికి సిగ్గుపడిన తిండి అది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలకు రాగి జావ ఇవ్వడం మొదలైంది. అప్పట్లో పేదరికానికి గుర్తు, ఇప్పుడు ఆరోగ్యానికి గుర్తు. గింజ మారలేదు, మన చూపే మారింది.

రుచులు మారడాన్ని ఎవరూ ఆపలేరు. ఆపాల్సిన పనీ లేదు. సోడా ఒకప్పుడు విదేశీ వింతే, ఇరానీ చాయ్ పరాయిదే, కాఫీ మొక్క కూడా వలస వచ్చిందే. అన్నీ మనవైపోయాయి. రేపు బబుల్ టీకీ ఓ తెలుగు పేరు రావచ్చు. చూసుకోవాల్సింది ఒక్కటే. గ్లాసులోకి వచ్చిన ప్రతి రుచి వెనకా ఓ చెట్టో, ఓ తీగో, ఓ మనిషో ఉంటారు. అడవిలో తీగ చచ్చిపోయాక ఎసెన్సు మిగులుతుంది. తాడిచెట్టు ఎక్కేవాడు లేకపోయాక నీరా పేరు మిగులుతుంది. చలివేంద్రం ఎత్తేశాక నీళ్ల సీసా మిగులుతుంది.

అందుకే ఈ వేసవి ప్రయాణంలో ఓ పని చేయండి. హైవే ఫ్రిజ్ దగ్గర కాకుండా ఊరి కూడలి దాకా వెళ్లి ‘ఇక్కడ ఏం తాగుతారు?’ అని అడగండి. నన్నారి బండి కనిపిస్తే, సిరప్ వేరుతో కాచారా, ఎసెన్సుతో కలిపారా అని కూడా అడగండి. పిల్లల ముందే అడగండి. వేరుతో కాచినదైతే పది రూపాయలు ఎక్కువైనా ఇచ్చి తాగండి. ఆ పది రూపాయల్లో కొంతైనా అడవి దాకా వెళ్తుంది, తీగను బతికించుకోవాలన్న ఆలోచన పుడుతుంది. ఎందుకంటే, వేరు ఉంటేనే... ఆ రుచి వేరు!